సంవత్సరాంతలేఖలు: ఆశీస్సును వార్తయును

దూరమున నున్న బంధువులకు సంవత్సరాంతమునఁ బండుగ శుభమును గోరుచు, ఆ యేఁటి కుటుంబవిశేషములను దెలుపుచు జాబు వ్రాయు నాచారము ఇంగ్లండుదేశమునఁ గ్రిస్మసు పండుగతోఁ బెనవేసికొని పెరిగినది. ఇట్టి జాబునందు రెండంశములు గలవు. ఒకటి ఆశీస్సు; రెండవది వార్త. ఆశీస్సు ఎల్లరకు నొక్కటియే. కావున దానిని ముద్రించి వేలకొలఁది ప్రతులుగాఁ బంపవచ్చును. వార్త యట్టిది కాదు. ఏ యింట నెవరు పుట్టిరో, ఎవరు గతించిరో, ఎవరికి వివాహమైనదో ఆ యింటివారే చెప్పవలయును. ఈ రెండింటిలో నేది యెప్పుడు ప్రబలినది, ఏది యెప్పుడు క్షీణించినది యను విచారణకుఁ దపాలా రుసుముల చరిత్రము ముఖ్యాధారము. పండుగల చరిత్రమును మతగ్రంథములలోను, పండుగ చిత్రముల చరిత్రమును ముద్రణాలయములలోను వెదకువారు ఈ రుసుముల సంగతిని దఱచుగా విడిచిపెట్టుచున్నారు.

1840 సంవత్సరమునకుఁ బూర్వము బ్రిటనుదేశమున జాబు రుసుము అది పోవు దూరమునుబట్టియు, అందలి కాగితముల సంఖ్యనుబట్టియు మాఱుచుండెను. రెండవ కాగితము చేరినచో రుసుము రెట్టింపగుచుండెను. ఆ రుసుమును సాధారణముగాఁ జెల్లించువాఁడు పంపినవాఁడు కాఁడు, అందుకొన్నవాఁడు. పార్లమెంటు సభ్యులకు మాత్రము తమ సంతకముతో రుసుము లేకయే జాబులు పంపు హక్కు గలదు. వారి పరిచితులును దానివలన లాభము పొందుచుండిరి. కలవానికి జాబు ఉచితము, లేనివానికి ఋణము. పట్టణమునకుఁ గూలికిఁ బోయిన కొడుకు పల్లెయందలి తల్లికిఁ దన క్షేమమును వ్రాసినయెడల, ఆ క్షేమమును దెలిసికొనుటకుఁ దల్లి యొకనాఁటి కూలిలో మంచిభాగమును వెచ్చింపవలసివచ్చుచుండెను. కాగితమును మిగుల్చుటకై అడ్డముగా వ్రాసిన పంక్తులమీఁదనే నిలువుగా మఱలఁ బంక్తులు వ్రాయుట నాఁటి పరిపాటి. తెలుఁగుదేశమున బేరింగు జాబు నెఱిఁగినవారి కీ కష్టము క్రొత్తది కాదు. కాని యిచ్చట నపవాదమైనది యచ్చట నియమమై యుండెను.

తపాలా సంస్కరణోద్యమమునందుఁ దఱచుగా నుదాహరింపఁబడిన వృత్తాంతమొకటి కోల్రిడ్జి కవి పేర నున్నది. ఉత్తరఇంగ్లండునందలి సరస్సుల సీమలో నొక స్త్రీ తపాలావాఁడు తెచ్చిన జాబును ద్రిప్పి చూచి, రుసుము చెల్లింపలేనని మరల నిచ్చివేయుచుండఁగా, కవి జాలిపడి యొక షిల్లింగు చెల్లించెను. తపాలావాఁడు పోయిన పిదప నామె దానిని విప్పి చూపెను. అందు వ్రాఁత లేదు. సోదరుఁడు క్షేమముగా నున్నంతకాలము మూఁడు నెలల కొకమాఱు తెల్లకాగితమును బంపునట్లును, ఆమె దానిని జూచి త్రిప్పి పంపునట్లును వారిరువురు నేర్పాటు చేసికొనిరట. ఈ కథ యక్షరాల జరిగినదా యను ప్రశ్నకంటె, నాఁటివారు దానిని నమ్మఁదగినదిగాఁ దలఁచుటయే చరిత్రకారునకు ముఖ్యము. వార్తకు రుసుము కట్టలేనివారు మౌనమునే భాషగాఁ జేసికొనిరి. కాని యా భాషలో క్షేమము తప్ప మఱియొకటి చెప్పుటకు వీలు లేదు. కాగితము రాని నాఁడు ఏమి జరిగినదో యూహించుకొనవలసినదే.

రోలండు హిల్లు 1837లోఁ బ్రకటించిన సంస్కరణప్రణాళిక ఫలముగా 1840 జనవరి 10వ తేదినుండి, అర ఔన్సు తూనికగల జాబు దేశమున నెంత దూరము పోయినను ఒక్క పెన్నీ రుసుముతోఁ జేరునట్లు నిర్ణయింపఁబడెను. మే నెల 6వ తేదినుండి తపాలాబిళ్ల వాడుకలోనికి వచ్చెను. సభ్యుల యుచితహక్కు తొలఁగింపఁబడెను. 1839లో సుమారు 7.6 కోట్లుగా నుండిన జాబుల సంఖ్య 1840లో సుమారు 16.9 కోట్లకుఁ బెరిగెను. సంఖ్యకంటెను ముఖ్యమైన మార్పు మఱియొకటి గలదు. రుసుమును బంపువాఁడే ముందుగాఁ జెల్లించుటచే, జాబు అందుకొనువానికి ఋణము గాక కానుక యయ్యెను. పండుగనాఁడు పంపఁదగిన వస్తువులలో దానికిఁ జోటు దొరకుటకు ఇదియే కారణము.

ఈ సంస్కరణకుఁ దోడ్పడినవారిలో హెన్రీ కోలు ఒకఁడు. 1843లోఁ దన కందిన జాబులకు వేర్వేఱుగ బదులు వ్రాయుటకుఁ దీఱిక చాలక, అతఁడు జాన్ కాల్కాట్ హార్స్లీ యను చిత్రకారునిచేఁ బండుగ కార్డును గీయించెనని చెప్పుదురు. నడుమ మూఁడు తరములవారు గల కుటుంబము పానపాత్రలతో విందారగించుచుండుటయు, ఇరుప్రక్కల బీదలకు నన్నవస్త్రములు దానము చేయుటయు నందలి చిత్రము. పసిబిడ్డచేత ద్రాక్షసారాయము త్రాగించుచున్నట్లు చిత్రించుట మద్యనిషేధవాదుల నిందకు గుఱియయ్యెను. సుమారు వేయి ప్రతులు ముద్రితములై, ఒక్కొక్కటి షిల్లింగునకు విక్రయింపఁబడెను. షిల్లింగనఁగాఁ బండ్రెండు పెన్నీలు. అనఁగా నొక కార్డు వెలతోఁ బండ్రెండు జాబులు పంపవచ్చును. ఇది బీదవాని యక్కఱ తీర్చుటకుఁ బుట్టినది కాదు. తీఱిక లేనివాని యక్కఱ తీర్చుటకుఁ బుట్టినది. ఆ కార్డుపై వ్రాయుటకు విడువఁబడిన స్థలములు రెండే: ఎవరికి, ఎవరినుండి. కుటుంబచిత్రము గలదు, పంపువాని కుటుంబమునుగూర్చిన మాట యొక్కటియు లేదు.

1870 అక్టోబరు 1వ తేదినుండి అర పెన్నీ తపాలాకార్డులు ప్రవేశపెట్టఁబడెను. ముద్రితపత్రములకును నా రుసుమే చాలెను. రంగుల రాతిముద్రణము వృద్ధిపొందుటచేఁ గార్డు వెలయుఁ దగ్గెను. అమెరికాయందు బోస్టను నగరమున లూయీ ప్రాంగు 1875లోఁ గ్రిస్మసు కార్డులను విక్రయింప నారంభించెను. ఇట్లు ఆశీస్సు బీదయింటికిఁ గూడ వెళ్లఁగలిగెను. ఇది మేలే. కాని యంటింపని కవరులోఁ దక్కువ రుసుముతోఁ బోవుటకు ముద్రితపత్రముపై వ్రాఁత మితముగా నుండవలయును. అంతర్జాతీయ తపాలా నిబంధనలు పండుగ కార్డులపై నైదు మాటలకు మించని మర్యాదవాక్యమును మాత్రమే యనుమతించినవి. అయిదు మాటలలో నాశీర్వదింపవచ్చును. ఇంటి సంగతులు చెప్పుట దుస్సాధ్యము. చౌకదనమే వార్తను వెలుపలికి నెట్టినది.

ఇందుకుఁ బ్రతిగా, ఆశీస్సు లేక వార్త మాత్రమే ముద్రితమైన సందర్భము 1914-18 యుద్ధమునఁ గానవచ్చును. బ్రిటిషు సైనికుల కీయఁబడిన రణరంగపు కార్డుపైఁ గొన్ని వాక్యములు ముద్రింపఁబడి యుండెను: క్షేమముగా నున్నాననియు, ఆసుపత్రిలోఁ జేరితిననియు, జాబు లందినవనియు, చాలకాలముగా మీ జాబు రాలేదనియు. సైనికుఁడు అక్కఱలేని పంక్తులను గొట్టివేసి, సంతకమును దేదియు మాత్రమే వ్రాయవలెను. మఱేమి వ్రాసినను గార్డు నాశము చేయఁబడునని దానిమీఁదనే హెచ్చరిక గలదు. తెల్లకాగితపు వృత్తాంతమునకును దీనికిని నెడమ డెబ్బదియేండ్లకుఁ బైబడినది, ప్రయోజన మొక్కటియే. ఇంటివారు కోరునది పంపినవాఁడు బ్రదికియున్నాఁడను నెఱుక.

వార్త శుభము కానప్పుడు పండుగజాబు గతి యేమి? ఇంగ్లండున దుఃఖమందున్న కుటుంబములు నల్లయంచు గల కాగితమును, కవరును వాడుచుండిరి. విప్పకమునుపే విషయము తెలిసెడిది. జపానుదేశీయు లీ ప్రశ్నకు మఱింత స్పష్టమైన సమాధాన మేర్పఱచుకొనిరి. అచ్చటఁ దపాలాకార్డులు 1873లోఁ బ్రవేశపెట్టఁబడిన పిదప నూతనసంవత్సరపు కార్డులు వ్యాపించినవి. ఆ యేఁట నింట మరణము సంభవించినవారు సంవత్సరాంతమునకు ముందే యొక కార్డు వ్రాసి, తాము మైలయందున్నామనియు, నూతనసంవత్సరపు శుభాకాంక్షలు పంపఁజాలమనియుఁ దెలుపుదురు. అందుకొన్నవారును వారికి శుభాకాంక్షలు పంపుట మానుదురు. ఇచ్చట ఆశీస్సు లేకపోవుటయే వార్త.

తెలుఁగువారి యాచారము దీనికి దూరమైనది కాదు. మరణము సంభవించిన యింట నేఁడాది పండుగ చేయకుండుట ప్రసిద్ధము. హిందూదేశమున 1854లో దూరముతో నిమిత్తము లేని తపాలా రుసుమును, 1879 జూలై 1వ తేదినుండి కాలణా కార్డును వచ్చిన తరువాత, శుభాశుభములకు వేర్వేఱు జాబు లేర్పడినవి. శుభలేఖ పసుపు పూఁతతో వచ్చును. మరణవార్త తెచ్చిన కార్డును జదివిన వెంటనే చింపివేయుదురు. సాధారణమైన జాబునందు మాత్రము ‘ఉభయకుశలోపరి’ యను మాట మొదటఁ గానవచ్చును. ఉభయుల కుశలమును దెలిసికొన్న మీఁదటఁ గదా తక్కిన సంగతులు! ఈ యొక్క సమాసమున వార్తయు నాశీస్సును గలసియున్నవి. కాని వాడుక మితిమీఱుటచే నదియును ముద్రితవాక్యమువలె నయ్యెను. కుశలము లేని యిండ్లనుండియు నదే మాటతో జాబులు వెడలినవి.

ఇరువదవ శతాబ్దపు మధ్యకాలమున, ముఖ్యముగా నమెరికాయందు, సైక్లోస్టయిలువంటి నకలు యంత్రముల సాయమునఁ గుటుంబవార్తను మఱలఁ గార్డుతోఁ జేర్చి పంపు నాచారము ప్రబలినది. ఒకే జాబు నలువదియేఁబదిమందికిఁ బోవుటచే నందలి వార్తయు నాశీస్సువలె నెల్లరకు నొక్కటియే యయ్యెను. కుమారుల యుత్తీర్ణతలు, క్రొత్త యిండ్లు, ప్రయాణములు మాత్రమే యందుఁ గలవనియు, రోగములు, ఋణములు, కలహములు కానరావనియు నాక్షేపణ పుట్టెను. ఆక్షేపణ సరియైనదే. తల్లికి వ్రాయునది వేఱు, తోడియుద్యోగికి వ్రాయునది వేఱు. ఇరువురకు నొకే ప్రతి పంపఁదలఁచినవాఁడు ఇరువురికిఁ జెప్పఁదగినది మాత్రమే వ్రాయును.

ఈ చరిత్రమునుండి పరిశోధకులు గ్రహింపవలసిన దొకటి గలదు. చిత్రపు కార్డులు అందమైనవి కావునఁ బెట్టెలలోను బ్రదర్శనశాలలలోను నిలిచినవి. వార్తాజాబులు చిరుగువ్రాఁతలు కావున నశించుచున్నవి. తెలుఁగిండ్ల యటకలపై నినుపతీఁగెకు గ్రుచ్చియుంచిన కార్డులలోఁ బంటలు, ధరలు, కాన్పులు, మరణములు, వలసలు నమోదై యున్నవి. వానిలోఁ బెక్కింటిపైఁ దిథియు సంవత్సరనామమును మాత్రమే యుండును. ప్రమాథి యని యున్నచో నది 1879-80 కావచ్చును, 1939-40 కావచ్చును. తపాలాముద్ర మాత్రమే సంశయమును దీర్పఁగలదు. కావున జాబుతోపాటు ముద్రయుండు వైపును గూడ భద్రపఱుపవలయును. 1624లో నారంభమైన తపాలావ్యవస్థ గల డెన్మార్కుదేశమున, ప్రభుత్వతపాలాసంస్థ 2025 అంతముతో జాబుల పంపిణీని మానుకొనునని ఆ సంవత్సరముననే ప్రకటింపఁబడెను. తక్కిన దేశములలోను జాబుల సంఖ్య తగ్గుచున్నది. ఆశీస్సులకు నష్టము లేదు. అవి యే సాధనమునందైనను మఱలఁ బుట్టును. ఆ యింటివారు తప్ప మఱెవ్వరు చెప్పఁజాలని వార్త మాత్రము కాగితముతోనే పోవును.