మార్టిన్ లూథర్ కింగ్ జయంతి: ఒక సెలవు చరిత్ర

అమెరికాలో ఏటా జనవరి మూడో సోమవారం ప్రభుత్వ కార్యాలయాలకు సెలవు. నల్లజాతి పౌరహక్కుల నేత మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ జయంతి పేరిట ఇచ్చేది. ఆయన పుట్టింది 1929 జనవరి 15న, అట్లాంటాలో. ఈ ఒక్క రోజును కేలండర్‌లో చేర్చడానికి చట్టసభలో పదిహేనేళ్లు పట్టింది. రాష్ట్రాలన్నీ దారికి రావడానికి మరో పదిహేడేళ్లు.

బతికుండగా కింగ్‌ను దేశం నెత్తిన పెట్టుకున్నదేమీ లేదు. 1966 గ్యాలప్ సర్వేలో 63 శాతం మంది ఆయనంటే గిట్టదనే చెప్పారు. మాంట్‌గొమరీ సిటీ బస్సుల బహిష్కరణ, 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటు హక్కు చట్టం దాకా ఆయనను మెచ్చుకున్న తెల్లవారిలోనూ చాలామంది, ఆయన వియత్నాం యుద్ధాన్ని తప్పుబట్టి పేదల కూలి మాట ఎత్తేసరికి మొహం తిప్పుకున్నారు.

చివరి రోజుల్లో ఆయన మెంఫిస్‌లో ఉన్నది పారిశుద్ధ్య కార్మికుల సమ్మె కోసమే. 1968 ఫిబ్రవరి 1న వానకు చెత్త లారీ వెనక తలదాచుకున్న ఇద్దరు నల్లజాతి కార్మికులు, చెత్తను నొక్కే యంత్రం ఉన్నట్టుండి కదలడంతో నలిగి చనిపోయారు. దాంతో సుమారు 1,300 మంది పని మానేశారు. ‘నేను మనిషిని’ అని రాసిన అట్టలు పట్టుకుని వీధుల్లోకి వచ్చారు. వాళ్లకు అండగా వచ్చిన కింగ్‌ను ఏప్రిల్ 4 సాయంత్రం లొరైన్ మోటెల్ బాల్కనీలో కాల్చి చంపారు.

నాలుగు రోజులు తిరిగేసరికి డెట్రాయిట్ సభ్యుడు జాన్ కానియర్స్ ప్రతినిధుల సభలో సెలవు బిల్లు పెట్టారు. ఏళ్లు గడిచినా అది ముందుకు సాగలేదు. 1979లో ఓటింగ్‌కు వచ్చి, కావలసిన మెజారిటీకి అయిదు ఓట్లు తక్కువై వీగిపోయింది. ఖర్చు ఎక్కువన్నారు, ఏ పదవీ చేయని మనిషికి జాతీయ సెలవేమిటన్నారు. కింగ్ భార్య కొరెట్టా మాత్రం పట్టు వదల్లేదు. గాయకుడు స్టీవీ వండర్ ఇందుకోసమే ఒక పాట కట్టారు. సంతకాలు 60 లక్షలు దాటాయి.

1983లో అసలు రభస సెనేట్‌లో జరిగింది. కింగ్‌కు కమ్యూనిస్టులతో లంకె ఉందంటూ నార్త్ కరోలినా సెనేటర్ జెస్సీ హెల్మ్స్ 300 పేజీల కట్ట తెచ్చి పంచితే, న్యూయార్క్ సెనేటర్ మోయినిహన్ దాన్ని నేలకేసి కొట్టారు. చివరకు బిల్లు 78-22తో గట్టెక్కింది. నవంబర్ 2న అధ్యక్షుడు రీగన్ సంతకం చేశారు. తొలి సెలవు 1986 జనవరి 20న వచ్చింది.

రాష్ట్రాల సంగతి వేరు, సెలవు ఇవ్వాలో వద్దో తేల్చుకునేది అవే. ఆరిజోనాలో ఒక గవర్నర్ ఇచ్చిన సెలవును తర్వాతి గవర్నర్ 1987లో రద్దు చేశారు. 1990లో ఓటర్లూ కాదన్నారు. దాంతో అక్కడ జరగాల్సిన 1993 సూపర్ బౌల్ ఫుట్‌బాల్ ఫైనల్ కాలిఫోర్నియాకు తరలిపోయింది. నీతులకు కరగని మనసులు నష్టానికి కరిగాయనుకోవాలి, 1992లో అదే ఓటర్లు సరేనన్నారు. దక్షిణ కరోలినా 2000లో అందరికంటే చివరగా ఒప్పుకుంది.

కింగ్ వారసత్వం ఈ సెలవుతో ఆగేది కాదు. ఆ ఉద్యమం తెచ్చిన వాతావరణంలోనే 1965లో వలస చట్టం మారి, దేశాలవారీ పాత కోటాలు పోయాయి. తెలుగు డాక్టర్లకూ ఇంజినీర్లకూ అమెరికా తలుపు తెరుచుకున్నది ఆ చట్టంతోనే. మరోపక్క 2013లో సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో ఓటు హక్కు చట్టంలోని కీలకమైన ముందస్తు అనుమతి (ఓటింగ్ నిబంధనలు మార్చేముందు కొన్ని రాష్ట్రాలు కేంద్రాన్ని అడగాలన్న) ఏర్పాటును పనిచేయకుండా చేసింది.

అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు ఇప్పటికీ కింగ్ సెలవు వచ్చే సోమవారం నాడే రాబర్ట్ లీ జయంతి కూడా జరుపుతున్నాయి. బానిసత్వాన్ని నిలబెట్టుకోవాలని విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సేనాని ఆయన.