కాందిశీక సేవ

కాందిశీకుడను మాట మన పత్రికలలో చిరకాలముగా వాడుకలో నున్నది. యుద్ధమువలననో మతకలహమువలననో ఇల్లు విడిచి పాఱిపోయినవాడని దానికి అర్థము చెప్పుకొనుచున్నాము. ఆ పదముయొక్క పుట్టుకను తలచువారు మాత్రము కొందఱే. సంస్కృతమున ‘కాం దిశమ్’ అనగా ‘ఏ దిక్కునకు’ అని యర్థము. ఏ దిక్కునకు పోదునని వెఱపుతో పలుకుచు పరుగెత్తువాడు కాందిశీకుడు. కావున ఆ పదగర్భమునందే ఒక ప్రశ్న యున్నది. ఆ ప్రశ్న కాందిశీకునిది. సమాధానము చెప్పుకొను హక్కును అతనిదే. సేవ చేయ వచ్చినవారు ఈ సంగతిని మఱచినచో నేమగునో మన దేశచరిత్రయే తెలుపుచున్నది.

1947వ సంవత్సరమున దేశము రెండుగా చీలినపుడు కోటికి పైగా జనులు ఇండ్లు విడిచిరి. పంజాబునుండి హిందువులు, సిక్కులు ఢిల్లీ చేరిరి. ఢిల్లీలోని ముస్లిములు వేలకొలదిగా పురానా కిలాలోను, హుమాయూను సమాధి ఆవరణములోను తలదాచుకొనిరి. ఒకే నగరమున వచ్చినవారికొక శిబిరము, పోవలసినవారికొక శిబిరము!

ఆ యేడు అక్టోబరు మాసమున ముస్సోరీలో పురపాలక వ్యవహారములు చూచుచుండిన షఫీ అహ్మద్ కిద్వాయీ హత్యకు గుఱియయ్యెను. కేంద్రమంత్రి రఫీ అహ్మద్ కిద్వాయీకి ఆయన తమ్ముడు. షఫీ భార్య అనీస్ కిద్వాయీ ఆ దుఃఖముతో ఢిల్లీకి వచ్చి గాంధీ మహాత్ముని దర్శించెను. ఆయన ఆమెకు శిబిరముల త్రోవ చూపెను. భర్తను పోగొట్టుకొన్న స్త్రీకి మన యిండ్లలో చూపబడు త్రోవ ఏదియో చదువరులకు మేము చెప్పనక్కఱలేదు. చీకటిగది కాక, కప్పుకొన బట్టలేనివారి నడుమ పని ఆమెకు దొరకెను. ఆ దినములను గూర్చి ఆమె 1949లో ఉర్దూభాషలో వ్రాసిన ‘ఆజాదీ కీ ఛావోఁ మేఁ’ అను గ్రంథము 1974లో గాని అచ్చు కాలేదు.

పరసేవవలన సేవకునికి కలుగు లాభ మేమని కొందఱు అడుగుదురు. పుణ్యమని పెద్దలు, కీర్తియని లోకులు చెప్పుదురు. అనీస్ కిద్వాయీ జీవితమును చూచినచో మాకు వేఱొక సమాధానము తోచుచున్నది. తన దుఃఖము పోదు. కాని అది తన యొక్కతెదే యను భావము పోవును. పదిమంది శోకములో తన శోకమును చేర్చి మోయగలుగుట చిన్న లాభము కాదు. దానిని కోరుట తప్పును కాదు.

అయితే ఆ సేవలోనే కఠినమైన పరీక్షయు నుండెను. కలహములలో ఇరువైపులను స్త్రీలు అపహరింపబడిరి. భారతదేశమున 50,000 ముస్లిం స్త్రీలు, పాకిస్తానమున 33,000 హిందూ, సిక్కు స్త్రీలు చిక్కువడి యుందురని అధికారుల అంచనా. వారిని వెదకి స్వజనులకు అప్పగింపవలెనని 1947 డిసెంబరు 6వ తేదీన రెండు ప్రభుత్వములును ఒడంబడిక చేసికొనెను. మృదులా సారాభాయి ఆ పనికి నాయకురాలయ్యెను. కమలా పటేల్ లాహోరులో పనిచేసెను. ఎందఱో స్త్రీలకు ఆ పని నిజముగా చెఱవిముక్తియే యయ్యెను. ఇది మొదట చెప్పుకొనుట న్యాయము.

కాని కొందఱు స్త్రీలు మేము రామనిరి. ఏల? కొందఱికి బిడ్డలు పుట్టిరి. కొందఱు తమ్ము కాపాడినవాని యింటనే నిలచిరి. మఱికొందఱు తిరిగి వెళ్లినచో పుట్టింటి తలుపు తెఱవబడదని యెఱిగియే వెనుదీసిరి. చెడినదను నింద వేసి కూతును వాకిటనే నిలువబెట్టు ఆచారము మనది. అట్టి స్త్రీలను ఆదరింపుడని గాంధీ, నెహ్రూలు జనులను బతిమాలవలసి వచ్చెననిన, అపహరించినవానిదే కాదు, ఆచారమును పట్టుకొని కూర్చున్నవానిదియు పాపమే యని ఒప్పుకొనక తప్పదు.

1949 డిసెంబరున ఈ విషయమై చట్టము వచ్చెను. పదునాఱేండ్ల లోపు బాలుడును, ఏ వయస్సుగల స్త్రీయైనను అందు ఒకే వరుసను చేర్చబడిరి! పోలీసులు వారంటు లేకయే ఇల్లు సోదా చేయవచ్చును. వివాదము వచ్చినచో తీర్పు న్యాయమండలిది. పోవుటకును ఉండుటకును ఆ స్త్రీ యిష్టమే తుదిమాట యని ఆ చట్టము చెప్పలేదు. సభలో ఆక్షేపణలు వచ్చినపుడు దుర్గాబాయి గారు చట్టమును బలపఱచిరి. తన్నడుగకయే బాల్యమున జరిగిన వివాహమును పెద్దయైన పిమ్మట త్రోసివైచిన మన తెలుగు వనిత ఆమె. తన భర్తనో తండ్రినో చంపినవాని యింట దిక్కులేక పలికిన ‘సరే’ నిజమైన సమ్మతి యగునా యని ఆమె వాదము. దానిని తేలికగా త్రోసిపుచ్చరాదు. కాని నిస్సహాయయైన స్త్రీ మాట నమ్మరాదన్నచో, ఆమెను నిర్భయముగా మాటాడగల స్థితికి తెచ్చి మరల అడుగవలెను గాని, అడుగుటయే మానరాదు గదా! రామేశ్వరీ నెహ్రూ ఆ పనిలో నుండియే, స్త్రీల యిష్టమును లెక్కింపక పంపుచున్నామని 1949లో ప్రభుత్వమునకు వ్రాసి, తుదకు ఆ బాధ్యతనుండి తొలగెను. కమలా పటేల్ తల్లినుండి బిడ్డను విడదీయు నిబంధనతో పెనగులాడెను. చట్టము మాత్రము 1957 వఱకు నడచెను.

వీరిని తప్పుపట్టుట మాకు సులభము. వారి స్థానమున నిలుచుట కష్టము. 2024లో బుడమేరు పొంగి విజయవాడ మునిగినపుడు మేమును విద్యార్థులతో బియ్యపు సంచులు మోసికొనిపోయితిమి. మనసులో గర్వము లేకపోలేదు. ఒక ముసలమ్మ సంచి నందుకొని, “బియ్యం తెచ్చారు బాబూ, వండుకోడానికి గిన్నె ఉందో లేదో అడిగారా?” అనెను. ఆమె పొయ్యి బురదలో నుండెను. గిన్నెలు వరదలో పోయెను. మా గర్వము అక్కడనే దిగిపోయెను. బియ్యపు విషయమున మేము చేసిన పొరపాటు ఒక పూటతో తీరెను. మనుష్యుల విషయమున అదే పొరపాటు ఒక జన్మమంతయు నిలుచును.

ఆపన్నులకు చేయి చాచుట మానుడని మా తాత్పర్యము కాదు. అనీస్ కిద్వాయీ వలె తన యేడుపును దిగమ్రింగి శిబిరమునకు నడచువారు ఇంకను కావలెను. మ్యాన్మారునుండి, శ్రీలంకనుండి వచ్చి మన దేశమున తలదాచుకొన్నవారు నేటికిని కలరు. అట్టివారి యొద్దకు పోవునపుడు అన్నము, బట్ట, మందుతోబాటు ఒక మాటకూడ తీసికొనిపోవలెను. “మీరు ఏ దిక్కునకు పోదలచితిరి?” అని మొదట అడిగి, బదులు వచ్చువఱకు ఓర్చుకొనవలెను.