ఒకే బడి, అరవై నాలుగు పేర్లు

ఫిలడెల్ఫియాలో థామస్ ఎడిసన్ హైస్కూల్ అని ఒకటుంది. ఆ ఒక్క బడిలో చదివిన కుర్రాళ్ళు 64 మంది వియత్నాం యుద్ధంలో చనిపోయారు. అమెరికా మొత్తమ్మీద ఇంకే హైస్కూలూ ఆ యుద్ధంలో అంతమందిని పోగొట్టుకోలేదు. అక్కడ వాళ్ళని "ఎడిసన్ 64" అంటారు. మనవాళ్ళు ఆ చుట్టుపక్కల బోలెడంతమంది ఉద్యోగాలు చేస్తున్నారు. ఊరినుంచి అమ్మానాన్నలొస్తే లిబర్టీ బెల్ చూపించుకొస్తారు. ఈ బడి సంగతి మాత్రం మనవాళ్ళ నోట నేనెప్పుడూ వినలేదు. అందుకే రాస్తున్నా.

ముందు కాస్త లెక్క. ఆ యుద్ధంలో పోయిన అమెరికన్ సైనికులు 58 వేల పైచిలుకు. అప్పటి అమెరికాలో హైస్కూళ్ళు ఇరవై వేలకి పైనే. సమానంగా పంచితే బడికి ఇద్దరో ముగ్గురో వస్తారు. మరి ఈ 64 ఏంటి? ఎడిసన్ అప్పట్లో మగపిల్లల బడి, పైగా పెద్ద బడి, కాబట్టి సంఖ్య కొంత ఎక్కువుండటం సహజమే అనుకుందాం. అందుకని రెట్టింపు చేసి, మళ్ళీ దాన్ని మూడింతలు చేసినా 64 దరిదాపులకి రాదు. సగటుకి ఇంత దూరంగా ఒక అంకె కనిపిస్తే ఆఫీసులో మనమేం చేస్తాం? లాగ్ తెరిచి వెనక్కి చదువుకుంటూ వెళ్తాం. ఇక్కడా అదే పని.

అలా వెళ్తే 1957 దగ్గర ఆగుతాం. అంతకుముందు ఆ భవనంలో ఉన్నది నార్త్‌ఈస్ట్ హైస్కూల్. 1900ల మొదట్లో కట్టిన, కోటలాంటి రాతి భవనం. మంచి పేరున్న బడి. ఆ పేటలోకి నల్లవాళ్ళు వచ్చి స్థిరపడటం, తెల్లవాళ్ళు నగరం ఈశాన్యం కొసన కట్టిన కొత్త ఇళ్ళకి తరలిపోవడం మొదలయ్యాక, బడి కూడా వాళ్ళ వెనకాలే వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ పేరు పట్టుకెళ్ళింది. టీచర్లలో చాలామంది వెళ్ళారు. ఆటల్లో గెలిచిన ట్రోఫీలు కూడా మోసుకెళ్ళారు. మిగిలిన పాత భవనానికీ, మిగిలిపోయిన పిల్లలకీ కొత్తగా తగిలించిన పేరే ఎడిసన్ హైస్కూల్. నల్లవాళ్ళ పిల్లలు, పోర్టోరికో నుంచి వచ్చినవాళ్ళ పిల్లలు, ఎక్కడికీ కదల్లేని బీద తెల్లవాళ్ళ పిల్లలు. చుట్టూ మిల్లులూ ఫ్యాక్టరీలూ ఒక్కొక్కటే మూతపడుతున్న రోజులు.

సరిగ్గా ఎనిమిదేళ్ళకి, 1965లో, అమెరికా వియత్నాంలో పెద్దయెత్తున సైన్యాన్ని దించింది.

అప్పట్లో అక్కడ నిర్బంధ సైనిక సేవ ఉండేది. డ్రాఫ్ట్ అంటారు. కాగితం మీద అందరికీ ఒకటే చట్టం. కానీ ఏ ప్రోగ్రాములో అయినా కథంతా మినహాయింపుల్లోనే ఉంటుంది కదా. కాలేజీలో ఫుల్‌టైమ్ చదువుతున్నవాడికి 2-ఎస్ అని ఒక వర్గీకరణ ఇచ్చేవారు. అది చేతిలో ఉన్నంతకాలం పిలుపు వాయిదా. 1971లో చట్టం మార్చేదాకా డిగ్రీ విద్యార్థులకి ఈ వెసులుబాటు నడిచింది. మిల్లు మూతపడ్డ ఇంట్లో కుర్రాడికి కాలేజీ ఫీజు ఎక్కణ్ణించి వస్తుంది?

దానికితోడు 1966లో రక్షణమంత్రి మెక్‌నమారా "ప్రాజెక్ట్ 100,000" అని ఒక పథకం పెట్టాడు. సైన్యంలో చేర్చుకునేముందు పెట్టే పరీక్షలో అర్హత మార్కులు తగ్గించారు. బీద కుర్రాళ్ళకి పని నేర్పించి బాగుచేస్తాం అన్నది ప్రభుత్వం చెప్పిన మాట. 1971 దాకా ఆ దారిన తీసుకున్నవాళ్ళు సుమారు మూడున్నర లక్షలమంది. బాగుచేసే పద్ధతులు చాలా ఉంటాయి గానీ, యుద్ధం జరుగుతుండగా తుపాకీ ఇవ్వడం అందులో ఒకటని నేననుకోను.

అలాగని అందరూ డ్రాఫ్టులో వెళ్ళినవాళ్ళే అనుకుంటే తప్పు. యుద్ధంలో పోయినవాళ్ళలో డ్రాఫ్టు ద్వారా వచ్చినవాళ్ళు సుమారు 30 శాతం. మిగతావాళ్ళు సంతకం పెట్టి తామే చేరారు. వాళ్ళలో దేశం కోసం అని చేరినవాళ్ళున్నారు. ఎలాగూ పిలుపొస్తుంది, ముందే చేరితే ఏ విభాగమో మనమే అడగొచ్చు అని చేరినవాళ్ళూ ఉన్నారు. అందుకే ఈ 64 మందినీ ఉత్త అమాయకుల కింద జమకట్టడం నాకిష్టం లేదు. ధైర్యం వాళ్ళదే. వాళ్ళ ముందు ఎన్ని దారులున్నాయన్నది మాత్రం వాళ్ళ చేతిలో లేదు.

డ్రాఫ్ట్ అనగానే మన ఫీల్డువాళ్ళకి గుర్తొచ్చేది 1969 డిసెంబర్ 1 నాటి లాటరీ. ఏడాదిలోని 366 పుట్టినరోజులూ క్యాప్సూళ్ళలో పెట్టి గాజు జాడీలోంచి ఒక్కొక్కటే తీశారు. మొదట వచ్చింది సెప్టెంబర్ 14. క్యాప్సూళ్ళు సరిగ్గా కలపకపోవడంతో ఏడాది చివరి నెలల్లో పుట్టినవాళ్ళకి ముందు నంబర్లు ఎక్కువ పడ్డాయని తర్వాత గణాంకశాస్త్రం వాళ్ళు తేల్చారు. ర్యాండమ్ ఫంక్షన్‌లో బగ్ అన్నమాట. చెప్పుకోడానికి భలే ఉంటుంది. కానీ ఆ లాటరీ జరిగేనాటికే, ఆ యుద్ధం మొత్తంలో పోయినవాళ్ళలో పదిమందికి ఎనిమిదిమంది పోయారు. పైగా చేతిలో 2-ఎస్ ఉన్నవాడికి జాడీలోంచి ఏ నంబరొచ్చినా వాయిదా వాయిదాయే. పెద్ద బగ్ ఎప్పణ్ణించో డిజైన్‌లోనే ఉంది.

ఇది మనకెందుకు అంటారా? డ్రాఫ్ట్ 1973లో ఆగిపోయినా, పేర్ల నమోదు 1980లో మళ్ళీ మొదలైంది. గ్రీన్‌కార్డున్న తెలుగింట్లో అబ్బాయికి 18 నిండితే వాడి పేరూ ఆ సెలెక్టివ్ సర్వీస్ జాబితాలో ఉండాల్సిందే.

ఇంతకీ ఆ 64 అన్న సంఖ్య ఎలా వచ్చిందో చూడండి. చాలాకాలం 54 అనే చెప్పుకునేవారు. వెతికినకొద్దీ పెరిగి 64 అయింది. ఎందుకంటే సైన్యం రికార్డులో పేరు, పుట్టినతేదీ, సొంత ఊరు ఉంటాయి. ఏ హైస్కూలన్న కాలమ్ లేదు. క్వెరీ రాస్తే వచ్చే జవాబు కాదది. ఎవరో ఒకరు పాత బడి రికార్డులు ముందేసుకుని, ఒక్కో పేరూ సరిచూసుకోవాలి.

వాషింగ్టన్‌లో 1982లో ఆవిష్కరించిన నల్లరాతి గోడమీద పేర్లు చనిపోయిన తేదీల వరసలో ఉంటాయి. ఫిలడెల్ఫియా 1987లో సొంతంగా ఇంకో స్మారకం కట్టుకుంది. అందులో ఇప్పుడు 648 పేర్లు. దేశం గోడ ముందు నిలబడితే ఎంతమంది పోయారో తెలుస్తుంది. బడి జాబితా చూస్తే ఎవరి పిల్లలు పోయారో తెలుస్తుంది. ఈ రెండోది తెలియకుండా మొదటిదానికి దండం పెట్టడం సగం గౌరవమే అని నా అభిప్రాయం.

ఎడిసన్ బడి 1988లో కొత్తచోటికి మారింది. పాత భవనం 2011లో తగలబడింది, తర్వాత కూల్చేశారు. ట్రోఫీలు ఎప్పుడో పోయాయి. అంత పోయినా జాబితా మిగిలింది, ఎవరో కూర్చుని రాశారు కాబట్టి.

ఇప్పుడు మన సంగతి. 2020 జూన్ 15న గల్వాన్‌లో చనిపోయిన కల్నల్ సంతోష్ బాబుది సూర్యాపేట. చదివింది విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్లో. 1962లో మొదలైన ఆ బడి పనే పిల్లల్ని సైన్యానికి తయారుచేయడం. అలాంటి బడి తనవాళ్ళని గుర్తుపెట్టుకుంటుంది. మరి సిపాయిలుగా, హవల్దార్లుగా వెళ్ళిన మన జిల్లా పరిషత్ హైస్కూళ్ళ పిల్లల మాటేంటి? మా బడిలో గది కట్టించిన దాత పేరు గోడమీదుంది. ఫ్యాన్ రెక్కమీద కూడా ఇచ్చినాయన పేరుంది. టెన్త్‌లో ఫస్టొచ్చినవాళ్ళకి పెయింటు బోర్డుంది. సైన్యానికెళ్ళి తిరిగిరానివాళ్ళకి ఏమీ లేదు. ఢిల్లీలో 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో పాతికవేల పైచిలుకు పేర్లున్నాయి. పలకమీద పేరు, హోదా, రెజిమెంటు. అక్కడా బడి కాలమ్ లేదు.

ఇది మనం చేయగలిగిన పని. ఒక టేబుల్ బడి అడ్మిషన్ రిజిస్టర్, హెడ్మాస్టర్ గారి బీరువాలో ఉంటుంది. రెండోది జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగాలి. ఇంటిపేరు, తండ్రిపేరు, పుట్టినతేదీ పెట్టి రెండూ కలపాలి. స్పెల్లింగులు కలవవు, పుట్టినతేదీలు బడికోసం వేయించినవై ఉంటాయి, కాబట్టి ఊళ్ళో పెద్దవాళ్ళని అడగక తప్పదు. వాళ్ళు వెళ్ళిపోతే ఆ డేటాకి బ్యాకప్ లేదు. పూర్వవిద్యార్థుల గ్రూపుల్లో ఈ ఏడాది ప్రొజెక్టరుకి చందాలు వేసుకునేటప్పుడు, రిజిస్టర్ ఫొటోలు తీయించే పనిక్కూడా ఒకర్ని పురమాయించండి. జాబితాలో ఒక్క పేరే తేలినా ఫర్వాలేదు. గోడమీద ఆ పేరు కింద పుట్టిన ఊరు, టెన్త్ పాసైన ఏడు, పోయిన చోటు కూడా రాయించండి. ఆ ఏడు టెన్త్ రాసిన మిగతావాళ్ళకి అప్పుడు తెలుస్తుంది, తమ పక్క బెంచీవాడు ఎటు వెళ్ళాడో.