గోదావరి జిల్లాల్లో గృహహింసపై ప్రజాకళలు

గోదావరి డెల్టాలో ఇంటి లోపలి హింసను నలుగురి ముందుకు తేవడానికి నాటకం, బుర్రకథ, వీధినాటిక, ముగ్గు వంటి కళలను వాడుకున్న చరిత్ర దాదాపు నూట యాభై ఏళ్లది. ‘గృహహింస’ అనే మాటను చట్టం 2005లో నిర్వచించింది. అంతకు చాలా ముందే ఇక్కడి కళాకారులు కన్యాశుల్కం, వరకట్నం, తాగుడు అన్న పేర్లతో ఆ విషయాన్ని ఎత్తుకున్నారు. భార్యను కొట్టడాన్ని మాత్రం తప్పుగా చూపించడానికి చాలా కాలం పట్టింది.

ఎందుకంటే దెబ్బ అప్పటికే తెర మీద ఉంది, నవ్వులాటగా. తోలుబొమ్మలాటలో రామాయణ, భారత కథల మధ్య జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు అనే హాస్య పాత్రలు వస్తారు. బూతులు, తగువులు, తన్నులాటలతో నిద్రమత్తులో ఉన్న జనాన్ని లేపుతారు. బొమ్మ చెయ్యి లేవగానే తెర వెనక ఆటగాడి కాళ్ల కింద చెక్కలు టకామని చప్పుడు చేస్తాయి, తెర ముందు ఊరంతా ఘొల్లుమంటుంది. కాకినాడ దగ్గర మాధవపట్నంలో ఈ కళను నమ్ముకున్న కుటుంబాలు నేటికీ ఉన్నాయి. ఇది ఆ కళాకారుల తప్పు కాదు. ఊరు దేనికి నవ్వుతుందో వాళ్లు దాన్నే ఆడారు. మొగుడూ పెళ్లాల తన్నులాట నవ్వుకునే సంగతి అన్న అలవాటు ఎంత పాతదో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఆ నవ్వును ఎదురు తిప్పినవాడు రాజమండ్రికి చెందిన కందుకూరి వీరేశలింగం (1848–1919). 1874లో ‘వివేకవర్ధని’ పత్రిక మొదలుపెట్టి, ముసలివాళ్లకు పసిపిల్లలను కట్టబెట్టే పెళ్లిళ్లను, ఇళ్లలోని దురాచారాలను ప్రహసనాల్లో వాడుకమాటల్లో ఎండగట్టారు. అంతదాకా బాధపడే ఆడదాన్ని చూసి నవ్విన జనం, బాధపెట్టే పెద్దమనిషిని చూసి నవ్వడం ఈ ప్రహసనాలతో నేర్చుకున్నారు. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో ఆయన జరిపించిన తొలి వితంతు వివాహం కూడా ఒక రకంగా బహిరంగ ప్రదర్శనే. ఊరంతా చూసింది, సగం ఊరు వెలివేసింది.

ఈ చరిత్రలో ఎక్కువసేపు ఆగవలసిన చోటు కాళ్లకూరి నారాయణరావు (1871–1927) ‘వరవిక్రయం’. పశ్చిమగోదావరిలోని మత్స్యపురిలో పుట్టి కాకినాడలో స్థిరపడిన ఆయన 1920ల తొలినాళ్లలో ఈ నాటకం రాశారు. కూతురు కాళింది పెళ్లికి తండ్రి పురుషోత్తమరావు భూమి అమ్మి కట్నం సిద్ధం చేస్తాడు. తనవల్ల ఇల్లు గుల్లవుతోందని కాళింది నూతిలో పడి చనిపోతుంది. వరుడి తండ్రి, పిసినారి లింగరాజు పుచ్చుకున్న డబ్బు తిరిగి ఇవ్వడు. చెల్లెలు కమల అదే సంబంధం చేసుకుంటుంది. పెళ్లయ్యాక కాపురానికి వెళ్లనంటుంది. డబ్బిచ్చి కొన్నది మేము, కాబట్టి వరుడే మా ఇంటికి రావాలని వాదిస్తుంది. గొడవ కోర్టు మెట్లెక్కుతుంది. డెల్టాలో భూమి అమ్మి కట్నమివ్వడం అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేని ప్రేక్షకుల ముందు ఇది ఊరూరా ఆడింది. 1939లో కాకినాడకు చెందిన చిత్తజల్లు పుల్లయ్య దీన్ని సినిమాగా తీశారు. భానుమతి కాళిందిగా తొలిసారి తెరమీదికి వచ్చింది ఇందులోనే.

నాటకంలో గొప్పదనం కాళింది చావులో లేదు, కమల ఎదురు నిలవడంలో ఉంది. లోటు కూడా చెప్పాలి. కట్నం ఆశ మామగారిది, వరుడు మెత్తనివాడు. కనుక భర్త చెయ్యి ఎత్తడమన్న విషయం కథలోకి రానే లేదు. పైగా ఆ రోజుల్లో రంగస్థలం మీద ఆడవేషాలు ఎక్కువగా మగవాళ్లే కట్టేవారు. ఆడవాళ్ల గోడు మగ గొంతులోనే జనానికి చేరింది.

ఆ గొంతు మారడం 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలితో మొదలైంది. దాని నిర్మాతల్లో ముఖ్యుడు గరికపాటి రాజారావు రాజమండ్రివాడే. మండలి నాటకాల్లో స్త్రీలే స్త్రీ పాత్రలు వేశారు. మోటూరి ఉదయం నాయకత్వంలో ఆడవాళ్లే బుర్రకథ దళంగా ఏర్పడి పల్లెలు తిరిగారు. వాళ్ల కథలు ఎక్కువగా కూలి, భూమి, స్వాతంత్ర్యం గురించే అయినా, ఆడది తంబురా పట్టి ఊరి నడిబొడ్డున నిలబడి మాట్లాడవచ్చని జనం కళ్లారా చూశారు.

గోదావరి జిల్లాల బయట, 1970ల చివర్లో ఢిల్లీలో ‘ఓం స్వాహా’, ‘ఔరత్’ వంటి వీధినాటకాలు వరకట్న మరణాలను, ఇంట్లో ఆడవాళ్ల బతుకును నేరుగా వీధిలోకి తెచ్చాయి. 1983లో భర్త, అత్తమామల క్రూరత్వాన్ని నేరంగా చెప్పే 498ఏ సెక్షన్ వచ్చింది. 1990ల మొదట్లో అక్షరాస్యతా కళాజాతాలు రాష్ట్రమంతా తిరిగాయి. అప్పటి అక్షరాస్యతా వాచకంలోని ‘సీతమ్మ కథ’ చదివిన నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు 1992లో సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారాపై నిషేధం అమలైంది. తాగొచ్చి కొట్టడం కర్మ కాదు, ఆపగలిగిన నేరమని పల్లె ఆడవాళ్లు నలుగురిలో గట్టిగా చెప్పిన సందర్భమిది.

ప్రపంచంలో మరోచోట ఇదే పని వేరే రూపాల్లో జరిగింది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1990లో హింసకు గురైన స్త్రీలు తమ అనుభవాన్ని చొక్కాల మీద రాసి, దండెం మీద ఆరేసి ఊరికి చూపించారు. మొదట ఆరేసినవి 31 చొక్కాలు. మన దగ్గర దండెం కన్నా వాకిలి పెద్దది. సంక్రాంతి ముగ్గుల పోటీల్లో పద్మాలు, రథాలతో పాటు ఆడపిల్ల రక్షణ, వరకట్నం వంటి విషయాల మీద ముగ్గులు వేయడం ఇప్పుడు మామూలైంది. తెల్లవారకముందే కళ్లాపి చల్లి, రెండు వేళ్ల సందు నుంచి పిండి జారవిడుస్తూ గీసే ఆ గీత ఇంటికీ వీధికీ మధ్యనే ఉంటుంది. ఆడవాళ్లు ఎవరి అనుమతీ అడగకుండా రోజూ వీధిలోకి తెచ్చే కళ అదొక్కటే. పోటీ పందిట్లో ఆ సందేశం పండుగ అలంకారంగా మిగిలిపోకుండా చూడటం నిర్వాహకుల చేతిలో ఉంది.

గృహహింస నిరోధక చట్టం 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. రాష్ట్రంలో మహిళల కోసం తొలి దిశ పోలీస్ స్టేషన్ 2020 ఫిబ్రవరి 8న రాజమండ్రిలోనే మొదలైంది. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో సుమారు 30 శాతం మంది భర్త చేతిలో హింసకు గురయ్యామని చెప్పారు. పక్కింట్లో అరుపు వినిపిస్తే టీవీ సౌండ్ పెంచకండి, వెళ్లి తలుపు తట్టండి. మహిళా హెల్ప్‌లైన్ నంబరు 181.