హార్ట్‌ఫర్డ్ బధిర పాఠశాల

రేడియోలో చేసే ప్రసంగము బధిరుల చెవికి చేరదు. అచ్చయిన తరువాత వారును చదువుకొనగలరు. ఆ చదువు వారికి ఎట్లు లభించినదో తెలిపే చరిత్రలో హార్ట్‌ఫర్డ్ పాఠశాల ఒక ముఖ్య ఘట్టము.

హార్ట్‌ఫర్డ్ అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రపు నగరము. అక్కడ మేసన్ కాగ్స్‌వెల్ అనే వైద్యుని కుమార్తె ఆలిస్ పసితనములోనే జ్వరము వచ్చి వినికిడి కోల్పోయినది. పొరుగింటి యువకుడు థామస్ గాలడెట్ తన టోపీని చూపి, దాని పేరు నేలపై వ్రాసి, ఆమెకు అక్షరజ్ఞానము కలిగింప యత్నించినాడని చెప్పుకొంటారు. తండ్రి మిత్రులను కూడగట్టి, ధనము సేకరించి, 1815లో గాలడెట్‌ను యూరపుకు పంపినాడు.

బ్రిటనులో బధిర విద్యను నడుపుచున్న బ్రెయిడ్‌వుడ్ కుటుంబమువారు తమ పద్ధతిని రహస్యముగా దాచుకొన్నారు. ఆబే ద లెపే స్థాపించిన పారిస్ పాఠశాల మాత్రము అతనికి విద్య దాచక చెప్పినది. అక్కడి ఉపాధ్యాయుడు లోరాన్ క్లేర్ స్వయముగా బధిరుడు. 1816లో అతడు గాలడెట్‌తో కలసి అమెరికాకు బయలుదేరినాడు. ఓడలో గడచిన 52 దినములలో గాలడెట్ సంజ్ఞలను, క్లేర్ ఇంగ్లీషును అభ్యసించినారు.

1817 ఏప్రిల్ 15న పాఠశాల ప్రారంభమైనది. మొదట చేరినవారు ఆలిస్‌తో కలిపి ఏడుగురు. క్రమముగా దూర ప్రాంతములనుండి పిల్లలు వచ్చినారు. ఇంట్లో అల్లుకొన్న సైగలు కొందరివి. మార్తాస్ వినియార్డ్ ద్వీపమునుండి వచ్చినవారికి తమ ఊరి సంజ్ఞాభాషయే ఉన్నది. క్లేర్ తెచ్చిన ఫ్రెంచి సంజ్ఞలతో ఇవి కలసి, అమెరికా సంజ్ఞాభాష రూపొందినది.

బధిర శిశువులలో నూటికి తొంబదిమందికి పైగా వినగల తల్లిదండ్రులకే పుట్టుదురు. కనుక ఈ భాష తల్లి ఒడిలో అబ్బునది కాదు. పెద్ద పిల్లలనుండి చిన్నపిల్లలు వసతిగృహములో నేర్చుకొన్నది.

1880లో మిలాన్ నగరమున సమావేశమైన అధ్యాపకులు సంజ్ఞలను విడిచి పెదవుల కదలికను చూచి మాటలాడుటయే నేర్పవలెనని తీర్మానించినారు. సుమారు 160మంది ప్రతినిధులలో బధిరుడు ఒక్కడే. అమెరికా ప్రతినిధులు వ్యతిరేకించినను తీర్మానము నెగ్గినది. అనేక దేశములలో తరగతి గదులనుండి సంజ్ఞలు బహిష్కృతములైనవి. బధిర ఉపాధ్యాయులు ఉద్యోగములు కోల్పోయినారు. అయినను పాఠము ముగియగానే పిల్లలు ఆటస్థలములో, పడక గదులలో తమ భాషలోనే మాటలాడుకొన్నారు. ఉపాధ్యాయులు తోసివేసిన దానిని పిల్లలు కాపాడినారు.

1960లో విలియం స్టోకీ దీనికి స్వంత నిర్మాణము గల భాష అని నిరూపించినాడు. 2010లో వాంకూవర్‌లో జరిగిన అదే పరంపరలోని మహాసభ మిలాన్ తీర్మానములను తిరస్కరించి విచారము ప్రకటించినది. ఆ నిర్ణయమునకు 130 ఏండ్లు పట్టినవి. కాని ఏ శిశువునకును భాష అబ్బు తొలి యేండ్లు కొద్దియే. అవి మహాసభల తీర్మానములకై వేచియుండవు.