గుట్ట మీది మొక్క – సీమ దాకా పోయిన పేరు

ఉద్యోగ విరమణ తరువాత చాలామంది చేపట్టే పనులలో కుండీలలో మొక్కల పెంపకం ఒకటి. మన సభ్యుల ఇండ్ల వాకిళ్ళలో, డాబాల మీద గులాబీ, మల్లెలతోబాటు ముళ్ళ మొక్కల కుండీలు కూడా కనిపిస్తున్నాయి. ఇవి నీళ్ళు ఎక్కువగా అడగవు. పది రోజులు పిల్లల దగ్గరికి పోయి వచ్చినా వాడిపోవు. ఒక విధంగా చెప్పాలంటే పెన్షనరుకు తగిన మొక్కలు. అయితే ఈ జాతి మొక్కల చరిత్రలో మన భాషకు ఒక గౌరవస్థానం ఉన్నదని నాకు మొన్నమొన్నటి దాకా తెలియదు. తెలిసిన సంగతి సభ్యులతో పంచుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ముళ్ళ మొక్కలను, కండగల మొక్కలను పెంచే అభిరుచి పాశ్చాత్య దేశాలలో పెద్ద ఉద్యమం వంటిది. అమెరికాలో కాక్టస్ అండ్ సక్యులెంట్ సొసైటీ 1929లో పాసడీనా నగరంలో ఏర్పడింది. బ్రిటన్‌లో రెండు పాత సంఘాలు కలిసి 1983లో బ్రిటిష్ కాక్టస్ అండ్ సక్యులెంట్ సొసైటీ అయినాయి. ఇటువంటి సంఘాల శాఖలవారు ఏదో ఒక హాలులో కలుసుకొని, స్లైడులు చూపించి ఉపన్యాసాలు పెట్టుకొనేవారు. సభ్యులలో మనవంటి రిటైరైనవారు చాలామంది. 2020లో కరోనా వచ్చి హాళ్ళకు తాళాలు పడగానే ఆ ఉపన్యాసాలు జూమ్‌లోకి మారినాయి. దానితో ఎక్కడి వారైనా వినే వీలు కలిగింది. అమెరికా పడమటి తీరంలో వేసవిలో ఉదయం పది గంటలకు మొదలైతే మనకు రాత్రి పదిన్నర. లండనులో వేసవి సాయంత్రం ఏడున్నర అంటే మనకు సరిగ్గా అర్ధరాత్రి. మన వయసువారికి నిద్ర ఎటూ తక్కువే కనుక పెద్ద ఇబ్బంది లేదు!

అట్లాంటి ఒక ఉపన్యాసం నా మనుమరాలు ఫోనులో పెట్టి ఇచ్చింది. వక్త ఒక మొక్క బొమ్మ చూపించినాడు. ఆకులు కనిపించవు. నాలుగు పలకల కాడ, పైకి పోయినకొద్దీ సన్నబడుతుంది. ఆ సన్నని కొన పొడుగునా చిన్న చిన్న పూలు. దాని పేరు 'కారల్లుమా' అన్నాడు. "తాతా, అది ఏ భాష?" అని అడిగింది మనుమరాలు. లాటిన్ అయి ఉంటుందని తడుముకోకుండా చెప్పినాను. చిన్నప్పుడు బాపు వెంట గుట్టకు పోయినప్పుడు చూసిన కుందేటి కొమ్ముల మొక్క అదేనని గుర్తు పట్టినాను గాని, పేరు విషయంలో పొరపడినాను. తరువాత విచారించగా తేలిందేమిటంటే, అది లాటిన్ కాదు, మన తెలుగే.

దీని వెనుక కథ సామర్లకోటలో మొదలవుతుంది. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు 1776లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు వైద్యశాఖలో చేరి, 1781 నుండి సామర్లకోటలో ఉన్నాడు. వైద్యం కంటె మొక్కల మీద ఆయనకు మక్కువ ఎక్కువ. 1787లో వచ్చిన తుపానులో అంతవరకు పోగుచేసుకొన్న పుస్తకాలు, కాగితాలు పోయినా నిరాశపడక మళ్ళీ మొదలుపెట్టినాడు. మన దేశపు చిత్రకారులను పెట్టుకొని ప్రతి మొక్కకూ బొమ్మ గీయించినాడు. వాటినుండి ఏరిన 300 చిత్రాలతో 'కోరమాండల్ తీరపు మొక్కలు' అనే గ్రంథం 1795 నుండి లండనులో మూడు సంపుటాలుగా వెలువడింది. ఆయన చేసిన మంచి పని ఇంకొకటి ఉన్నది. మొక్కకు శాస్త్రీయ నామం పెట్టడంతో ఊరుకోక, స్థానికులు ఏమని పిలుస్తున్నారో అడిగి, ఆ తెలుగు పేరును కూడా ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసి ఉంచినాడు.

1795లో అచ్చయిన భాగంలోనే మన మొక్క ఉన్నది. రాక్స్‌బర్గ్ దానిని 'స్టపీలియా అడ్‌సెండెన్స్' అన్నాడు. తెలుగు పేరు 'కార్-అల్లం' అని నమోదు చేసినాడు. దాని కాడలు పచ్చివే తింటారనీ, రుచి చేదుగా, ఉప్పగా ఉంటుందనీ కూడా వ్రాసినాడు. 1810లో రాబర్ట్ బ్రౌన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ మొక్క స్టపీలియాలలో ఇమడదని తేల్చి, దీనికోసమే 'కారల్లుమా' అనే కొత్త ప్రజాతిని ఏర్పాటు చేసినాడు. మన పిల్లలు బడిలో చదువుకొనే 'బ్రౌనియన్ చలనం' ఈయన పేరు మీద వచ్చినదే. ఆ పేరు ఎక్కడిదో ఆయన వివరించలేదు. అరబ్బీ మాట అని కూడా కొందరు వ్రాసినారు. కాని రాక్స్‌బర్గ్ పుస్తకంలో ఉన్న తెలుగు పేరు ఎదురుగా ఉండగా వేరే ఆధారం వెదకనక్కరలేదు. కారల్లము అని మన నిఘంటు ధోరణిలో వ్రాసుకొనే ఆ మాట, కొద్దిగా తోక తగిలించుకొని, ప్రపంచ వృక్షశాస్త్రంలో నిలిచిపోయింది. తరువాత ఆఫ్రికా, అరేబియా దేశాలలో దొరికిన ఎన్నో మొక్కలకు కూడా ఈ తెలుగు పేరే ఇంటిపేరు అయింది!

ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. కారల్లము గాని, మన బొమ్మజెముడు, ఆకుజెముడు గాని కాక్టస్‌లు కావు. అసలు కాక్టస్ జాతి అమెరికా ఖండాలది. జెముడు కాడ విరిస్తే తెల్లని పాలు కారుతాయి. కాక్టస్‌లలో సాధారణంగా అట్లా కారవు. ఆ పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం, మనుమలను దగ్గరికి పోనీయకండి. పొలం గట్ల మీద మనం చూసిన నాగజెముడు మాత్రం నిజమైన కాక్టస్, సముద్రాలు దాటి వచ్చినది. దీని జాతిమీద బతికే పురుగునుండి ఎర్రరంగు తీస్తారు. ఆ వ్యాపారం కోసం మద్రాసులో డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ ఈ మొక్కలతో ఒక తోటే పెంచినాడు. 1795లో బ్రెజిల్ నుండి కలకత్తాకు పురుగును తెప్పించినారు. తీరా చూస్తే వచ్చింది అసలు రంగుపురుగు కాదు, నాసిరకం. రంగు రాలేదు సరిగదా, ఆ పురుగు ఒక రకం నాగజెముడును తినివేసింది. మరొక రకం మాత్రం దక్షిణాదిన పొలాలను ఆక్రమిస్తూ పోగా, 1926లో సింహళం నుండి వేరొక పురుగును తెచ్చి వదిలినారు. కొద్ది కాలంలోనే డొంకలకు డొంకలు ఎండిపోయినాయి. కలుపును పురుగుతో అణచిన తొలి ఉదాహరణలలో ఇది ఒకటిగా చెప్పుకొంటారు.

మళ్ళీ కారల్లము దగ్గరికి వద్దాం. ఈ మొక్కకు ఆకలిని మందగింపజేసే గుణం ఉన్నదంటారు. 2007లో బెంగుళూరు పరిశోధకులు ప్రకటించిన ఒక పరిశీలనలో రెండు నెలలు దీని సారం తీసుకొన్నవారికి ఆకలి, నడుము కొలత కొంత తగ్గినట్లు తేలింది. అంతమాత్రాన మన సభ్యులు చక్కెర వ్యాధి మందులు మాని గుట్టలెక్కవద్దని మనవి. డాక్టరును అడగనిదే ఏదీ పనికిరాదు.

నాకు దిగులు కలిగించే సంగతి వేరే ఉన్నది. మన పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016లో ముక్కలై కొత్త జిల్లాలైనాయి. పేర్లు మారినా గుట్టలు అవే అనుకొన్నాం. కాని కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైటు కోసం ఎన్ని గుట్టలు మాయమైనాయో మన కండ్లతో చూసినాం. మట్టి లేని రాతి సందులలో బతికేది ఈ మొక్క. బండతోబాటే అదీ పోతుంది. ఔషధ మొక్కలకు పేరు పడ్డ రామగిరి ఖిల్లా వంటివి కొన్ని మిగిలినాయి. ఆదిలాబాద్ జిల్లా మొక్కలను గూర్చి పుల్లయ్య గారు, వారి సహచరులు 1992లోనే గ్రంథం వెలువరించినారు. శాస్త్రజ్ఞుల పని వారు చేస్తున్నారు. ఊరి పేర్లు ఎవరు వ్రాయాలి? ఏ గుట్ట మీద ఏ మొక్కను ఏమని పిలిచేవారో చెప్పగలిగినది మన తరమే.

ఇంకొక చిక్కు కూడా వచ్చింది. 2017లో కొందరు శాస్త్రవేత్తలు కారల్లుమాతో సహా ఈ గుంపు అంతటినీ 'సెరోపీజియా' అనే పేరు కింద కలపాలని ప్రతిపాదించినారు. అందరూ ఒప్పుకోలేదు. ఒకవేళ ఒప్పుకొంటే, ఇక్కడ గుట్టతోబాటు మొక్క, అక్కడ పుస్తకంలోనుండి పేరు, రెండూ పోతాయి.

కనుక సభ్యులకు నాదొక విన్నపం. మీకు తెలిసిన గుట్ట మొక్కల పేర్లు, మీ ఊరిలో పిలిచినట్లే, ఒక పాత డైరీలో వ్రాయండి. సర్వీసు రిజిస్టర్లు ఎన్నో వ్రాసిన చేతులు మనవి. మనుమలకు చదివి వినిపించండి. నేను మనుమరాలికి నా తప్పు ఒప్పుకొని, "అది మన తెలుగే బిడ్డా" అని చెప్పినాను. ఇప్పుడు మా డాబా మీది కుండీకి ఒక చీటీ కట్టింది. దాని మీద తెలుగులోనే వ్రాసింది: కారల్లము.