మెంటల్ అనే మాటకు పట్టిన గతి

హైదరాబాదులో ఎవరైనా అడ్డదిడ్డంగా మాట్లాడితే "వీణ్ణి ఎర్రగడ్డలో పడెయ్యాలి" అంటారు. ఉద్యోగంలో బదిలీల మీద తిరిగాక, ప్రతి ప్రాంతానికీ ఒక ఎర్రగడ్డ ఉందని తెలిసింది. మద్రాసులో అది కీల్పాక్, ఉత్తరాదిన రాంచీ, ఆగ్రా. పిచ్చాసుపత్రి ఉన్న పాపానికి ఊళ్ళ పేర్లే తిట్లయ్యాయి. ఎర్రగడ్డకు ఆ ఆసుపత్రి జాల్నా నుంచి వచ్చింది 1953లోనే!

ఇక అసలు మాట "మెంటల్". ఇంగ్లీషులో అది వట్టి విశేషణం, మనసుకు సంబంధించినది అని అర్థం. తెలుగులో నామవాచకమై కూర్చుంది. "వాడొక మెంటల్" అంటాం, "మెంటలెక్కుతోంది" అంటాం. తమాషా ఏమిటంటే, ఈ మాట మర్యాద కోసం వచ్చింది.

బ్రిటిష్ వారి 1912 చట్టం పేరు ఇండియన్ లూనసీ యాక్ట్. లాటిన్‌లో లూనా అంటే చంద్రుడు. చంద్రుడి వల్ల మతి తప్పుతుందన్న పాత మూఢనమ్మకం చట్టం పేరులోనే ఉందన్నమాట. మనవాళ్ళు కూడా అమావాస్యకు పిచ్చి ముదురుతుందంటారు కదా. ఆ చట్టంలో లూనటిక్ నిర్వచనం చూస్తే అందులో "ఇడియట్" కూడా ఉంటాడు. అంటే అది అప్పట్లో తిట్టు కాదు, చట్టంలోని మాట. 2002కు వచ్చేసరికి మన తెలుగు సినిమా పేరైంది.

1918లో రాంచీలో పెట్టిన యూరోపియన్ లూనటిక్ అసైలం, 1922లో యూరోపియన్ మెంటల్ హాస్పిటల్ అయింది. ఇది బంధించే చోటు కాదు, వైద్యం చేసే చోటు అని చెప్పడం ఉద్దేశం. కానీ భయం పాత పేరుతో పాటు పోలేదు, కొత్త పేరుకు అంటుకుంది. అమెరికాలోనూ ఇంతే. బుద్ధిమాంద్యంలో ఒక స్థాయిని సూచించడానికి గొడార్డ్ 1910లో గ్రీకు నుంచి "మోరాన్" అనే పదం తయారుచేశాడు. అదీ బజారు తిట్టే అయింది. మన 1987 చట్టం లూనటిక్ అన్న మాటను తీసేసింది. 2017 చట్టం రోగుల హక్కులు రాసి, గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. నోటి మాటను మాత్రం ఏ చట్టమూ ఆపలేదు.

మాటదేముంది అంటారేమో. నాతో పనిచేసిన ఒకాయన ఏళ్ళ తరబడి మందులకు సొంత డబ్బే పెట్టుకున్నాడు. ఒక్క మెడికల్ క్లెయిమూ పెట్టలేదు. రావలసిన డబ్బు ఎందుకు వదులుకున్నావని రిటైరయ్యాక అడిగాను. "బిల్లు మీద ఆసుపత్రి పేరుంటుంది, అది నలుగురి బల్లల మీదుగా పోతుంది" అన్నాడు. ఆ నలుగురిలో నేనూ ఒకణ్ణి. "మెంటల్ కేసు" అన్న మాట నా నోటా చాలాసార్లు వచ్చింది.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక పాకకు నిప్పంటుకుంది. దర్గా మహిమతో నయమవుతుందని ఇంటివాళ్ళు తెచ్చి వదిలిన రోగులు అందులో ఉన్నారు. గొలుసులతో కట్టేసి ఉండటంతో 28 మంది చనిపోయారు. మూఢనమ్మకమే కారణమని మనం రాశాం. నిజమే, కానీ సగమే నిజం. దర్గాకు తీసుకెళ్తే "దెయ్యం పట్టింది" అంటారు. ఆసుపత్రికి తీసుకెళ్తే "మెంటల్" అంటారు. దెయ్యం ఎప్పుడో ఒకప్పుడు వదిలిందని చెప్పుకోవచ్చు. మెంటల్ అన్న పేరు వదలదు, చెల్లెలి పెళ్ళికి కూడా అడ్డం వస్తుంది. ఆ కుటుంబాలు వేసుకున్న లెక్క అదే.

ఇది చెప్పడానికి కారణం ఉంది. మన హేతువాద సభల్లో కూడా బాబాల భక్తుల్ని "మెంటల్ గాళ్ళు" అంటూ నవ్వుకోవడం నేను విన్నాను, నవ్వాను కూడా. మూఢనమ్మకం జబ్బు కాదు, తప్పు లెక్క. తప్పు లెక్కను ఓపిగ్గా దిద్దాలి. జబ్బును తిట్టుగా వాడితే, నిజంగా జబ్బు చేసినవాడు డాక్టరు దగ్గరికి పోకుండా మనం ఎవరినైతే విమర్శిస్తున్నామో ఆ బాబా గుమ్మానికే వెళ్తాడు.